కల్చర్‌లో సూడోమోనాస్, ఫైల్లో న్యుమోనియా: మా రికార్డుల విభాగం నుంచి ఒక కేసు

నెల్లూరులో ఒక ప్రైవేటు మల్టీ స్పెషాలిటీ ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగం (అందరూ ఎంఆర్‌డీ అంటారు) చూసుకోవడం నా పని. డిశ్చార్జ్ అయిన ప్రతి ఫైలూ మా బల్ల మీదకి వస్తుంది. డాక్టరు రాసిన జబ్బులకి మేం ఐసీడీ-10 (డబ్ల్యూహెచ్‌ఓ జబ్బుల వర్గీకరణ పుస్తకం) కోడ్ వేస్తాం. ఈ కేసులో పేషెంటు వయసు, ఊరు, తేదీలు మార్చాను. నిర్ణయాలకి కారణమైన ల్యాబ్ వివరాలు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

పేషెంటు యాభై దాటిన మనిషి. పదహారో నంబరు హైవే మీద బైకు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలింది. వేరే ఊళ్లో ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది. ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేసి పెట్టే ట్రాకియాస్టమీ ట్యూబ్‌తో ఇంటికి వచ్చాడు. భార్య, కొడుకు సక్షన్ చేయడం (ట్యూబ్‌లో చేరే కఫాన్ని లాగేయడం) నేర్చుకుని ఇంట్లోనే చూసుకుంటున్నారు. కావలి నుంచి ఒంగోలు దాకా ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. హైవే పక్క ఆసుపత్రుల్లో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు.

నెలల తరబడి ట్యూబ్ ఉన్న గొంతులో బాక్టీరియా లేకపోతేనే ఆశ్చర్యం. ముక్కు, నోరు చేసే వడపోత అక్కడ ఉండదు, పైగా ట్యూబ్ లోపలి గోడకి బాక్టీరియా పొరలా పట్టుకుంటుంది. సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, స్టాఫ్, వీటిలో ఏదో ఒకటి కాపురం పెట్టేస్తుంది. అది కాలనైజేషన్. అదే క్రిమి ఊపిరితిత్తుల్లోకి దిగి జబ్బు చేస్తే ఇన్ఫెక్షన్. ల్యాబ్ ప్లేటు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది మంచం దగ్గరే.

కోడ్ పుస్తకంలో మాత్రం ఇవి రెండూ చాలా దూరంగా ఉంటాయి. సూడోమోనాస్ వల్ల వచ్చిన న్యుమోనియాకి జె 15.1. క్రిమిని మోస్తున్నాడు గానీ జబ్బు లేదంటే జెడ్ 22.3. మొదటిది జబ్బు, రెండోది స్థితి.

మా దగ్గరకి ఎలా వచ్చింది

మొదటిసారి మా ఆసుపత్రికి వచ్చింది ఫిట్స్‌తో. మందు డోసు సరిచేశారు, ట్యూబ్ మార్చారు. జ్వరం లేదు. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. ఎక్స్-రేలో కొత్త మచ్చ లేదు. ఆక్సిజన్ అవసరం పెరగలేదు. అయినా అడ్మిషన్ రోజే ట్యూబ్ నుంచి తీసిన కఫం కల్చర్‌కి (క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షకి) వెళ్లింది. ట్రాకియాస్టమీ పేషెంటు అంటే ఆ టెస్టు పంపడం వార్డులో అలవాటు, ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించి పంపింది కాదు. రిపోర్టులో సూడోమోనాస్ పెరిగింది. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్షలో) చీము కణాలు చాలా తక్కువ అని కూడా అదే కాగితం మీద ఉంది. డ్యూటీ డాక్టరు పిప్‌టాజ్ అనే యాంటీబయోటిక్ మొదలుపెట్టారు.

డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బుల వరసలో న్యుమోనియా అన్న మాటే లేదు. "ఆసుపత్రిలో జరిగినది" అనే పేరాలో ఒక్క వాక్యం ఉంది: ట్రాకియల్ కల్చర్‌లో సూడోమోనాస్ వచ్చింది, పిప్‌టాజ్ ఇచ్చాం.

మా కోడర్ దానికి జె 15.1 వేశాడు. కుర్రాడు తెలివైనవాడే. చెన్నైలో కొన్నాళ్లు అమెరికా చార్టులు చేసి వచ్చాడు. ఎందుకు వేశావంటే చెప్పిన సమాధానం సబబుగానే అనిపిస్తుంది: క్రిమి ఉంది, ఖరీదైన యాంటీబయోటిక్ ఇచ్చారు, జబ్బు లేకుండా మందు ఎందుకిస్తారు? పైగా బిల్లులో ఆ ఇంజెక్షన్‌కి తగిన జబ్బు ఫైల్లో లేకపోతే టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) వాళ్లు ప్రశ్న పంపుతారు. అంటే అతను డాక్టరు మనసులో ఉన్నదాన్ని ఊహించి, ఆ ఊహకి కోడ్ ఇచ్చాడు.

అక్కడితో ఆగి ఉంటే ఒక తప్పు కోడ్‌గా మిగిలేది. కానీ మా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పాత కోడ్‌లని తీసుకుని, తర్వాతి అడ్మిషన్‌లో "పాత జబ్బులు" అనే గడిలో తనంతట తానే నింపుతుంది. కొన్ని వారాల తర్వాత అదే పేషెంటు మగతగా ఉన్నాడని రాత్రిపూట తీసుకొచ్చారు. క్యాజువాలిటీ డాక్టరు తెర మీద చూసింది: సూడోమోనాస్ న్యుమోనియా. ఎదురుగా మగతగా ఉన్న మనిషి, ట్యూబ్‌లో కఫం. పాత రిపోర్టులో క్రిమి చాలా మందులకి లొంగదని ఉంది. మెరోపెనెం, దాంతోపాటు కొలిస్టిన్ మొదలయ్యాయి. ఆ రాత్రి ఆ డాక్టరు స్థానంలో ఎవరున్నా బహుశా అదే చేసేవారు.

రక్తపరీక్షలో సోడియం 117 అని, చాలా తక్కువగా వచ్చింది. మగతకి అసలు కారణం అదే. సోడియం నెమ్మదిగా సరిచేసేసరికి మనిషి తేరుకున్నాడు. ఎక్స్-రే శుభ్రంగా ఉంది. ఐసీయూ డాక్టరు మందుల చీటీ చూసి రెండు యాంటీబయోటిక్‌లూ ఆపేశారు. కానీ అప్పటికే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0 నుంచి 2.6కి ఎక్కింది. కొలిస్టిన్ కిడ్నీల మీద దెబ్బ కొడుతుందన్నది తెలిసిన విషయమే. డబ్ల్యూహెచ్‌ఓ దాన్ని రిజర్వ్ వర్గంలో పెట్టింది కూడా, వేరే దారి లేనప్పుడే వాడమని. డయాలసిస్ దాకా వెళ్లలేదు, ఆ మేరకు అదృష్టం.

ఇదే సమయంలో మొదటి అడ్మిషన్ క్లెయిమ్ మీద టీపీఏ నుంచి ప్రశ్న వచ్చింది: న్యుమోనియాకి ఎక్స్-రే ఆధారం పంపండి. ఆధారం లేదు. ఫైలు నా దగ్గరకి వచ్చింది.

ఆ సాయంత్రమే పేషెంటు కొడుకు ఎంఆర్‌డీకి వచ్చాడు. సముద్రం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. కోపంగానే ఉన్నాడు, కానీ మాట తూలలేదు. "సార్, మా నాయనకి నెమ్ము లేదని పైన డాక్టరమ్మ చెప్పింది. మరి మీ కాగితంలో నెమ్ము అని ఎట్టా వచ్చింది?" అన్నాడు. కల్చర్ సంగతి చెప్పాను. కాసేపు విని, "విబ్రియో లేని చెరువు ఉంటదా సార్? ల్యాబులో ప్లేటు మీద గ్రీన్ కాలనీలు వచ్చినంత మాత్రాన మందు కొట్టేస్తామా? రొయ్య మేత తింటాందా, గట్టు నిండుగా ఉందా, అది చూస్తాం గదా" అన్నాడు. విబ్రియో అంటే చెరువు నీళ్లలో ఉండే ఒక బాక్టీరియా, గట్టు అంటే రొయ్య పేగు. ఈ విషయం మీద తర్వాత డాక్టర్లకీ నర్సులకీ ఎన్నిసార్లు క్లాసు చెప్పినా అంత సూటిగా చెప్పలేకపోయాను.

కోడ్ మార్చేస్తే సరిపోదా?

మొదట వచ్చిన సలహా అదే, బిల్లింగ్ విభాగం నుంచి. జె 15.1 తీసేయండి, టీపీఏకి సవరించిన కాగితం పంపేద్దాం. నేను ఒప్పుకోలేదు. డాక్టరు రాయని న్యుమోనియాని చేర్చే హక్కు కోడర్‌కి లేదన్నది ఎంత నిజమో, చేరిన దాన్ని మా అంతట మేం కొట్టేసే హక్కు లేదన్నదీ అంతే నిజం. అస్పష్టంగా ఉన్న రికార్డుని, వీలైనచోటల్లా రాసిన డాక్టరుకే తిప్పి పంపి స్పష్టత తెచ్చుకోవాలని ఐసీడీ-10 రెండో సంపుటం కూడా చెబుతుంది. అమెరికా కోడింగ్ నియమాల్లో ఇంకా కచ్చితంగా ఉంది: ల్యాబ్ రిపోర్టులో తేడా కనిపించినంత మాత్రాన కోడ్ వేయకూడదు, దానికి వైద్యపరంగా ప్రాధాన్యం ఉందని డాక్టరు రాయాలి. మా కుర్రాడికి ఈ నియమం నోటికి వచ్చు. కానీ చెన్నైలో డాక్టరుని అడగడానికి వేరే టీమ్ ఉండేది. ఇక్కడ అడగడమంటే మేడ మెట్లెక్కి సర్జన్‌గారి ఓపీ బయట నిలబడటం.

ఇంకో ఇబ్బందీ ఉంది. న్యుమోనియా తీసేసి ఆ చోటు ఖాళీగా వదిలితే అదీ తప్పే. ఈ మనిషి మందులకి లొంగని సూడోమోనాస్‌ని మోస్తున్నాడన్నది నిజం. రేపు ఆపరేషన్‌కి వస్తే, పక్క మంచంలో కీమో పేషెంటు ఉంటే, ఆ సంగతి తెలియాలి. జబ్బు లేదు కాబట్టి ఏమీ లేదు అనుకోవడం వార్డులో చేతులు కడుక్కోకపోవడానికి దారి తీస్తుంది.

పనికిరాని ప్రయత్నాలు

ఇలాంటి ఫైళ్లు ఇంకా ఎన్ని ఉన్నాయో అని వెనక్కి వెళ్లి చూస్తే యూరిన్ కల్చర్లలో, పుండు స్వాబ్‌లలో ఇదే కథ. కాబట్టి ఒక పద్ధతి కావాలి అనుకున్నాం.

ముందు మేమే ఒక నియమం రాసుకున్నాం. 38 డిగ్రీలు దాటిన జ్వరం, పెరిగిన తెల్లకణాలు, ఎక్స్-రేలో కొత్త మచ్చ. ఇవి ఉంటే ఇన్ఫెక్షన్, లేకపోతే కాలనైజేషన్. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు దగ్గర ఉండే నిఘా ఫారం నుంచే దాదాపు ఎత్తి రాశాం. చూడ్డానికి శాస్త్రీయంగా ఉంది. పట్టుమని నెల నిలవలేదు. షుగరున్న ఒక పెద్దావిడకి డాక్టరు న్యుమోనియా అని స్పష్టంగా రాశారు, వైద్యం చేశారు, ఆవిడ కోలుకుంది. ఆవిడకి ఒక్కరోజూ జ్వరం రాలేదు. ముసలివాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో జ్వరం రాకపోవడం వింతేమీ కాదు. మా నియమం ప్రకారం అది కాలనైజేషన్ అయిపోయింది. ఒకవైపు డాక్టరు రాయని జబ్బు వేస్తున్నామని బాధపడుతూ, ఇంకోవైపు డాక్టరు రాసిన జబ్బు తీసేస్తున్నాం.

తప్పు ఎక్కడుందో తెలియడానికి కొంత సమయం పట్టింది. నిఘా ఫారం పుట్టిందే లెక్క కోసం: ఈ నెల ఐసీయూలో ఎన్ని ఇన్ఫెక్షన్లు, పోయిన నెలతో పోలిస్తే ఎలా ఉంది అని. అందరూ ఒకే కొలత వాడితేనే పోలిక కుదురుతుంది కాబట్టి దాని గీతలు బిగువుగా ఉంటాయి. డాక్టరు నిర్ణయం ఒక మనిషి కోసం. మా కోడ్ ఆ డాక్టరు నిర్ణయానికి నకలు, అంతే. ఒకే పేషెంటు నిఘా లెక్కలో ఇన్ఫెక్షన్ కాకుండా, డాక్టరు దృష్టిలో ఇన్ఫెక్షన్ కావచ్చు. రెండూ తమ తమ చోట సరైనవే. ఇప్పటికీ ఆడిట్ మీటింగుల్లో ఈ రెండు అంకెలూ ఎందుకు కలవట్లేదని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కలిస్తేనే నాకు అనుమానం.

తర్వాత డాక్టర్లకి ఒక చీటీ పంపడం మొదలుపెట్టాం. "ఇది సూడోమోనాస్ న్యుమోనియానా? అవును / కాదు." వెనక్కి వచ్చిన చీటీల్లో దాదాపు అన్నింటి మీదా అవును. ఎందుకో ఊహించడం కష్టం కాదు. యాంటీబయోటిక్ ఇచ్చేశారు, ఇప్పుడు కాదు అని రాస్తే మరి ఎందుకిచ్చారన్న ప్రశ్న వస్తుంది. పైగా ఆ చీటీ డిశ్చార్జ్ అయ్యాక, బిల్లింగ్ వాళ్ల తొందరతో కలిసి వెళ్లేది. జవాబు మేమే నోట్లో పెట్టి తలాడించమన్నట్టు. ఒకే జవాబు వైపు నెట్టే ప్రశ్న వేయకూడదని, డబ్బు ప్రస్తావన తేకూడదని అమెరికాలోని రికార్డు నిపుణుల సంఘం అహిమా మార్గదర్శకాల్లో ఉంది. మేం రెండు తప్పులూ చేస్తూ వచ్చాం.

నిలబడిన పద్ధతి

చీటీ మార్చాం. పైన ఫైల్లో ఉన్న వాస్తవాలు మాత్రమే: ఉష్ణోగ్రత, తెల్లకణాలు, ఎక్స్-రే రిపోర్టు వాక్యం, ఆక్సిజన్ అవసరం, గ్రామ్ స్టెయిన్, ఏ యాంటీబయోటిక్ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. కింద ఒకటే ప్రశ్న: ఈ కల్చర్ ఫలితానికి మీ అభిప్రాయంలో అర్థం ఏమిటి? ఇన్ఫెక్షన్ (ఎక్కడ), కాలనైజేషన్, శాంపిల్ కలుషితం, చెప్పలేను, ఇంకేదైనా. "చెప్పలేను" పెట్టడం మీద మాలోనే వాదన జరిగింది, అందరూ అదే టిక్కు పెడతారని. అలా జరగలేదు. నాకు తోచిన కారణం, డాక్టరుకి నిజంగా సందేహం ఉన్నప్పుడు దాన్ని ఒప్పుకునే చోటు దొరికితే, సందేహం లేనిచోట ధైర్యంగా రాస్తారు.

రెండో మార్పు సమయం. డిశ్చార్జ్ అయ్యాక అడగడం మానేశాం. కల్చర్ రిపోర్టు వచ్చిన మర్నాడు రౌండ్స్ సమయానికి చీటీ ఫైల్లో ఉంటుంది. దీనివల్ల మేం అనుకోనిది ఒకటి జరిగింది. ప్రశ్న చూసి కొందరు డాక్టర్లు అక్కడికక్కడే యాంటీబయోటిక్ ఆపేశారు. కోడింగ్ చీటీ వైద్యాన్ని మార్చకూడదని మా సీనియర్ ఫిజీషియన్ ఒకాయన కాస్త చిరాకుపడ్డారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే చీటీలో యాంటీబయోటిక్ అవసరమా అని ఎక్కడా అడగం.

మైక్రోబయాలజిస్టు మేడమ్ ఒక చేయి వేశారు. జ్వరం, ఎక్స్-రే వివరాలు లేకుండా వచ్చిన ట్రాకియల్ శాంపిల్ రిపోర్టు కింద "చీము కణాలు తక్కువ, కాలనైజేషన్ కావచ్చు, పేషెంటు పరిస్థితితో పోల్చి చూడండి" అని రాయడం మొదలుపెట్టారు. తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, ట్యూబ్ ఉన్నంత మాత్రాన అడ్మిషన్ రోజు కల్చర్ పంపే అలవాటునే ఆపించారు. ఈ మొత్తం కథలో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు అదే. పంపని శాంపిల్‌కి కోడ్ వేయాల్సిన పని లేదు.

ఇక మన పేషెంటు సంగతి. న్యూరోసర్జన్ కొత్త చీటీ మీద మొదటి అడ్మిషన్‌కి కాలనైజేషన్ అని, యాంటీబయోటిక్ ముందు జాగ్రత్తగా ఇచ్చినదని రాశారు. సమ్మరీని చెరిపి మళ్లీ రాయలేదు. తేదీ, సంతకంతో అదనపు నోటు జతచేశాం. కోడ్: ఫిట్స్‌ది ప్రధాన కోడ్‌గా అలాగే ఉంది, జె 15.1 పోయింది, ట్రాకియాస్టమీ ఉన్న స్థితికి జెడ్ 93.0, క్రిమిని మోస్తున్న స్థితికి జెడ్ 22.3 వచ్చాయి.

ఇక్కడ మా కోడర్ ఒక మంచి ప్రశ్న వేశాడు. ఏ క్రిమో తెలియాలి కదా, బి 96.5 కూడా చేర్చనా అని. బి 96.5 సూడోమోనాస్‌దే. కానీ ఆ వరస కోడ్‌లన్నీ వేరే అధ్యాయంలో ఉన్న జబ్బుకి ఆ క్రిమి కారణం అని చెప్పేవి. జబ్బే లేదని తేల్చాక కారణం ఎక్కడిది? చేర్చలేదు. అమెరికా పుస్తకంలో కొన్ని క్రిములని మోసేవాళ్లకి విడివిడి కోడ్‌లు ఉన్నాయి, ఎంఆర్‌ఎస్‌ఏకి జెడ్ 22.322 లాగా. మనం వాడే డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకం జెడ్ 22.3 దగ్గరే ఆగిపోతుంది. అందుకని క్రిమి పేరు, ఏ మందులకి లొంగదో, కోడ్ పక్కన మాటల్లో రాస్తున్నాం.

రెండో అడ్మిషన్‌కి సోడియం తగ్గడం ప్రధాన జబ్బు, ఇ 87.1. కిడ్నీ దెబ్బకి ఎన్ 17.9. దానికి కొలిస్టిన్ కారణమా అన్నది కూడా మేం తేల్చేది కాదు. అడిగాం. నెఫ్రాలజిస్టు "కొలిస్టిన్ వల్ల కావచ్చు" అన్నారు. ఆ మాట రాతలో ఉండాలని పట్టుబట్టాను. యాంటీబయోటిక్ దుష్ప్రభావానికి వాడే వై 40 వరస కోడ్ ఫైల్లోకి ఎక్కడం యాజమాన్యంలో కొందరికి నచ్చలేదు. అదొక పెద్ద చర్చ, ఇక్కడ వద్దు. కోడ్ మాత్రం ఉంది.

మొదటి క్లెయిమ్‌లో పిప్‌టాజ్ ఖర్చు టీపీఏ కోసేసింది. ఆ మొత్తాన్ని ఆసుపత్రే భరించింది, కుటుంబం మీద వేయలేదు. ఒక మాట చెప్పాలి. ఇదే పేషెంటు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో చేరి ఉంటే ఈ తప్పు బయటపడేదా అన్నది నాకు అనుమానమే. అక్కడ డబ్బు ప్యాకేజీ కోడ్ మీద నడుస్తుంది, మా ఐసీడీ కోడ్ మీద కాదు. ప్రశ్న అడిగేవాళ్లు లేనిచోట తప్పు కోడ్ అలాగే పడి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీతో మాట్లాడి, పాత కోడ్‌లు "పాత జబ్బులు" గడిలోకి తమంతట తాము పాకకుండా చేయించాం. ఇప్పుడు అక్కడ డాక్టరు చేత్తో చేర్చాలి. కాలనైజేషన్‌కి వేరే గడి పెట్టించాం, పసుపు రంగులో.

తర్వాత జరిగింది

చలికాలంలో ఆ పేషెంటు మళ్లీ వచ్చాడు. ఈసారి 39 డిగ్రీల జ్వరం, చిక్కటి పచ్చటి కఫం, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది, ఎక్స్-రేలో కుడివైపు కింద కొత్త మచ్చ. కల్చర్‌లో అదే సూడోమోనాస్. నిజమైన న్యుమోనియా. డాక్టరు స్పష్టంగా రాశారు, మేం జె 15.1 వేశాం, ఎవరూ ప్రశ్నించలేదు.

కానీ నర్సింగ్ నోట్స్ చదువుతుంటే ఒకటి కనిపించింది. మొదటి రాత్రి డ్యూటీ డాక్టరు పసుపు గడి చూసి, "పాత కాలనైజేషన్, గమనించండి" అని రాసి వదిలేశారు. యాంటీబయోటిక్ మొదలైంది మర్నాడు పొద్దున సీనియర్ వచ్చాకే. పేషెంటు కోలుకున్నాడు. అయినా ఆ కొన్ని గంటల ఆలస్యానికి మేం పెట్టించిన గడి కూడా ఒక కారణం. ఇంతకుముందు న్యుమోనియా అన్న ముద్ర అక్కర్లేని మందు ఇప్పించింది. ఈసారి కాలనైజేషన్ అన్న ముద్ర అక్కరున్న మందుని ఆపింది.

గడిని తీసేద్దామని ఒకరు, ఉంచుదామని ఒకరు. మైక్రోబయాలజిస్టు మేడమ్ చెప్పిన దారి పట్టాం: పసుపు గడిలో క్రిమి పేరు పక్కన శాంపిల్ తీసిన తేదీ, ఆరోజు జ్వరం, ఎక్స్-రే పరిస్థితి ఒక్క వాక్యంలో. కింద "ఇది ఆ తేదీ నాటి సంగతి, ఈరోజు పేషెంటుని చూసి నిర్ణయించండి" అనే వరస. ఆరు నెలలు దాటిన ఎంట్రీ తెర మీద వెలిసిపోయిన రంగులో కనిపిస్తుంది, మళ్లీ ఖాయం చేసేదాకా. ఆరు నెలలే ఎందుకంటే గట్టి జవాబు లేదు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశాం. వచ్చే ఆడిట్‌లో ఆ గీతని ముందుకో వెనక్కో జరపాల్సి రావచ్చు.